చుక్కకీ చుక్కకీ మధ్య

మంగళవారం పొద్దున్నే
మా తిమింగలసొర రోడ్డెక్కింది.

తెర మీద దాని చుక్క
టోఫో ఇసుక దాటి, కొబ్బరితోపులు దాటి,
చేపల బజారు దగ్గర కాసేపు ఆగి
గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో
ఇన్యంబానె వైపు పోతోంది.
ఫెలిష్మీనా నా భుజం మీంచి వంగి చూసి
"మినీబస్సు ఎక్కినట్టుంది,
అంత ఒంటికి ఎన్ని టికెట్లు కొట్టారో" అంది.
నాకు నవ్వు రాలేదు.

నూట పదకొండు రోజులుగా వెంటాడుతున్నాను దాన్ని,
కుర్చీలోంచి లేవకుండా.
నవంబరులో, నీళ్లు సబ్బునీళ్లలా మసకగా ఉన్న పూట
ఊపిరి బిగబట్టి దిగి
వీపు మీది రెక్కకి ఆ పరికరం తగిలించింది నేనే.
నా మోచేతి పొడుగు లేదు అది.
చేప మాత్రం వస్తూనే ఉంది, వస్తూనే ఉంది,
తోక కనబడేసరికి తల మసకలో కలిసిపోయింది.
ఎడమ మొప్పల వెనక తెల్లచుక్కల్ని ఫోటో తీసి
పాతవాటితో పోల్చి చూశాం.
ఎక్కడా కలవలేదు. కొత్త మనిషి.
చేప అనబోయి మనిషి అన్నాను, అలాగే ఉండనివ్వండి.

అది పైకి తేలాలి,
పరికరం తీగ గాలిని తాకాలి,
అదే నిమిషాన పైన ఏ ఉపగ్రహమో అటుగా పోతుండాలి.
అన్నీ కుదిరితే ఒక చుక్క.
తర్వాత తొమ్మిది రోజులు ఏమీ లేదు.
మళ్లీ ఎక్కడో మడగాస్కర్ దాపుల్లో ఇంకో చుక్క.
రెండిటి మధ్యా నేను గీత గీస్తాను.
నివేదికలో దాన్ని ప్రయాణమార్గం అంటాం.
ఆ గీత మీద అది ఒక్క పూటైనా ఈదిందని
ఒట్టు వేసి చెప్పలేను.
గీత కింద కిలోమీటరు లోతు చీకటి,
అందులోకి ఎందుకు దిగుతుందో,
ఏం చూసి పైకొస్తుందో.

ఇల్లు దొరకడానికి మధ్యాహ్నమైంది.
జెఫానియాస్ గ్వాంబె, పడవల మరమ్మతు చేస్తాడు.
భార్య అటాలియా మమ్మల్ని చూసి కొంగుతో కుర్చీ తుడిచింది.
రేకుల కప్పు మీద, రేడియో తీగ పక్కన,
కొబ్బరితాడుతో కట్టేసి ఉంది
మా నాలుగు వేల డాలర్ల పరికరం.
"ఒడ్డుకి కొట్టుకొచ్చింది.
ఇది కట్టినప్పట్నుంచీ
ఫుట్‌బాల్ వ్యాఖ్యానం ఎంత బాగా వినిపిస్తోందో!"
మాకూ అంతే, అనుకున్నాను.
నూట పదకొండు రోజుల్లో ఇంత స్పష్టంగా
అది ఎప్పుడూ పలకలేదు.

కొక్కెం తిప్పి తిప్పి చూశాడు జెఫానియాస్.
"కోసింది కాదు, ఊడింది. ఊడీ చాలా రోజులైంది.
ఈ నాచు చూడు."
నాచు చూశాను.
పోయిన మూడు వారాలూ చుక్కలు మరీ దగ్గరదగ్గరగా వచ్చాయి,
పైపైనే తిరుగుతోంది, కడుపునిండా తింటోంది
అని సంబరపడి రాశాను పై వాళ్లకి.
తేలుతున్నది ఉత్త ప్లాస్టిక్కు.
అవన్నీ కెరటం వేసిన చుక్కలు.
ఎక్కడి దాకా చేప, ఎక్కడి నుంచి కెరటం?

పటం పరిచాను.
నా గీత చూసి ఆయన పకపకా నవ్వాడు.
"ఇంత తిన్నగా ఎవరు పోతారమ్మా,
కోర్టుకి పోయేవాడు కూడా పోడు."
చల్లారిన టీలో వేలు ముంచి
బల్ల మీద గీయడం మొదలెట్టాడు.
ఇక్కడ ప్రవాహం మెలి తిరుగుతుంది,
ఇక్కడ అమావాస్యకి నీళ్లు చల్లబడతాయి,
ఇక్కడ మా నాన్న ఒకసారి మూడింటిని చూశాడు,
ఇదిగో ఇక్కడ, ఇక్కడ నాకూ తెలీదు, అని
వేలు పైకెత్తి,
అంత మేర ఖాళీ వదిలి,
అవతల మళ్లీ ఆనించాడు.

మర్నాడు ఫెలిష్మీనా
ఐదు మీటర్ల రాగితీగ కొనిచ్చి పరికరం తెచ్చుకుంది.
నివేదికలో చివరి స్థానం దగ్గర
రేకుల కప్పు అని రాస్తే కొట్టేశారు.

ఆ బల్ల మీది గీతకి ఫోటో తీయాలని
నాకు తోచేసరికి
మొదలు అప్పటికే ఆరిపోయింది.
ఖాళీ వదిలిన చోటు ఒక్కటే గుర్తుంది.
ఇప్పుడు నా పటాల్లో
అంత మేర నేనూ వేలు ఎత్తుతున్నాను.